మానీ మల్హోత్రా ఆడిన 991 ఆటలను ఏ లెక్కన చూడాలి?

అలిపిరి మెట్లు (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. క్రికెట్, కబడ్డీల గురించి అర్ధరాత్రి దాకా వాదించుకునే ఈ వేదికలో ఐస్ హాకీ గురించి చర్చ మొదలుపెట్టడానికి కొంత జంకుతూనే రాస్తున్నాను. 2025 జనవరిలో మా అక్కగారి అబ్బాయి ఇంటికి కెనడా వెళ్లాను. వాళ్లుండే సర్రేకు కొద్ది దూరంలో అబ్బట్స్‌ఫర్డ్ అనే ఊరుంది. ఒక సాయంత్రం అక్కడ ఆట చూపిస్తానని నన్ను తీసుకెళ్లాడు. ఆటలో పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఎక్కడుందో మొదటి అరగంట నా కంటికి ఆననే లేదు. అందువల్ల ఆటను వదిలేసి, ఆటగాళ్ల బల్ల వెనక సూటు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడిన శిక్షకుణ్ణి చూస్తూ కూర్చున్నాను. ఆయన పేరు మల్హోత్రా అనీ, తండ్రిది పంజాబీ మూలమనీ, తల్లి ఫ్రెంచి మాట్లాడే కెనడా కుటుంబానికి చెందినదనీ మావాడు చెప్పాడు. ఆ పేరు వెంట పడి నేను తెలుసుకున్నదంతా మీ ముందు ఉంచుతున్నాను.

మానీ మల్హోత్రా 1980లో టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో పుట్టాడు. ఉత్తర అమెరికాలోని పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ ఏటా పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాళ్లను జట్లకు పంచుతుంది. దానిని డ్రాఫ్ట్ అంటారు. 1998 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ జట్టు మల్హోత్రాను మొత్తం మీద ఏడో వాడిగా ఎంచుకుంది. ఆ తరవాత 2015 వరకు ఏడు జట్ల తరఫున 991 ఆటలు ఆడి, 116 గోల్స్ చేసి, మరో 179 గోల్స్‌కు అందింపు ఇచ్చాడు. ఈ రెండూ కలిపి 295 పాయింట్లు అంటారు. ఏడో స్థానంలో ఎంపికైన ఆటగాడికి ఇది చాలా తక్కువని అక్కడి అభిమానులలో ఒక వర్గం వాదిస్తుంది. వెయ్యి ఆటలు పూర్తి చేసినవాడికి లీగ్ వెండి కర్ర బహూకరిస్తుంది. మల్హోత్రాకు తొమ్మిది ఆటలు తక్కువపడ్డాయి. అవి ఎందుకు తక్కువపడ్డాయో తెలిశాక నాకు రెండు రోజులు మరే ఆలోచనా రాలేదు. ఆ సంగతి తరవాత రాస్తాను. ముందుగా, ఈ జీవితాన్ని మీరైతే ఏ లెక్కన చూస్తారో చెప్పండి.

కట్టమంచి డ్రిల్లు మాస్టారు (చిత్తూరు)

ముప్పై రెండేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి కనుక మొహమాటం లేకుండా నా అభిప్రాయం చెబుతాను. ఒక జట్టు తన మొదటి ఎంపికను ఒక కుర్రాడి మీద పెట్టిందంటే, వాడి నుంచి గోల్స్ ఆశించిందని అర్థం. పదిహేడేళ్లలో 116 గోల్స్ అంటే ఏడాదికి ఏడు కూడా పడవు. అతడి శ్రమను తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. ఆశకూ ఫలితానికీ మధ్య దూరం ఉన్నప్పుడు దానిని దూరమనే చెప్పాలి.

అయితే తప్పు ఆ కుర్రాడిదేనని నేను అనను. జిల్లా స్థాయి కబడ్డీలో పదహారేళ్ల పిల్లవాడు రెండు మంచి రైడ్‌లు చేయగానే పెద్దల జట్టులోకి లాగి, అక్కడ వాణ్ణి గీత బయట కూర్చోబెట్టి, రెండేళ్లలో వాడి కాళ్లలోని చురుకుదనాన్ని చంపేసిన సందర్భాలను నా కళ్లతో చూశాను. ఇతడి విషయంలోనూ అలాంటిదే జరిగిందేమోనని నా అనుమానం. పద్దెనిమిదేళ్లకే ఆడించారా?

చంద్రగిరి నుంచి సర్రే

మాస్టారుగారూ, మీ అనుమానం సరైనదే. ఈ చర్చ మొదలుపెట్టినవారు మా మామయ్య; అక్కడి నిబంధనలు ఆయన కంటే నాకు కొంచెం ఎక్కువ తెలుసు కనుక నేను రాస్తాను.

కెనడాలో పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు జూనియర్ లీగ్‌లలో ఆడతారు. మల్హోత్రా గ్వెల్ఫ్ స్టార్మ్ అనే జూనియర్ జట్టులో ఆడి, 1998లో ఆ జట్టు ఒంటారియో లీగ్‌ను గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. డ్రాఫ్ట్ తరవాత పెద్ద జట్టుకూ జూనియర్‌కూ మధ్య ఏహెచ్‌ఎల్ అనే రెండో స్థాయి లీగ్ ఉంటుంది. నేర్చుకోవడానికి అసలైన చోటు అదే. కానీ కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి ఎంపికైనవాడు ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఆ రెండో స్థాయిలో ఆడడానికి అప్పట్లో నిబంధన ఒప్పుకునేది కాదు. పెద్ద జట్టులో ఉంచుకోవాలి, లేదంటే జూనియర్‌కు తిప్పి పంపాలి. జూనియర్ సీజన్ ముగిశాక మాత్రమే ఏహెచ్‌ఎల్ తలుపు తెరుచుకుంటుంది.

రేంజర్స్ అతణ్ణి ఉంచుకుంది. 1998–99లో 73 ఆటలు ఆడి 8 గోల్స్ చేశాడు. ఐస్ హాకీలో అందరికంటే గొప్పవాడిగా చెప్పుకునే వేన్ గ్రెట్జ్‌కీ ఆడిన చివరి సీజన్ అదే, ఆ జట్టులోనే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ మహానుభావుడి పక్కన దుస్తులు మార్చుకునే గదిలో కూర్చున్నాడు సరే, మంచు మీద మాత్రం చాలా తక్కువ నిమిషాలే దొరికాయి. మరుసటి ఏడాది పెద్ద జట్టుకూ, జూనియర్‌కూ, ప్రపంచ జూనియర్ పోటీలకూ మధ్య తిరిగాడు. ఆ పోటీలలో కెనడా జట్టుకు నాయకుడు కూడా అతడే. సీజన్ చివర హార్ట్‌ఫర్డ్ తరఫున ఆడి, ఏహెచ్‌ఎల్ ట్రోఫీ అయిన కాల్డర్ కప్ గెలిచాడు. ఒకే ఏడాదిలో ఇన్ని జెర్సీలు మార్చిన కుర్రాడికి ఏ ఒక్క శిక్షకుడి పద్ధతీ పూర్తిగా ఒంటబట్టే వీలుండదు. 2002లో డల్లాస్‌కు మారాడు. 2003 చివరలో డల్లాస్ అతణ్ణి అక్కరలేదని వదిలేస్తే, కొలంబస్ తీసుకుంది. అప్పటికి అతడికి ఇరవై మూడేళ్లు. అక్కడితో కథ ముగిసిన ఆటగాళ్లు ఎందరో ఉన్నారు.

తోతాపురి (చిత్తూరు)

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో శీతలీకరణ యంత్రాల దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాను కనుక ఆ మంచు నేల ఎలా తయారవుతుందోనన్న ఆసక్తితో చదివాను. పద్ధతి మాకు తెలిసినదే. కాంక్రీటు దిమ్మ లోపల గొట్టాలు పరిచి, వాటిలో గడ్డకట్టని ఉప్పునీటిని సున్నా కంటే బాగా తక్కువ ఉష్ణోగ్రతలో తిప్పుతారు. పైన నీటిని పలుచని పొరలుగా చల్లుతూ పోతే అంగుళం, అంగుళంపావు మందాన మంచు నిలుస్తుంది. ఒకేసారి నీళ్లు పోస్తే లోపల గాలి బుడగలు చిక్కుకుని మంచు పెళుసుగా తయారవుతుంది. మా గదుల గుమ్మాల దగ్గర తేమ చేరి కట్టే మంచు అటువంటిదే. గునపంతో ఒక దెబ్బ వేస్తే పెంకులుగా లేస్తుంది.

పక్‌ను కూడా ఆటకు ముందు గడ్డకట్టిస్తారట. వెచ్చగా ఉన్న రబ్బరు ఎగిరెగిరి పడుతుంది. చల్లబడ్డ రబ్బరు నేలను అంటిపెట్టుకుని జారుతుంది. బరువు సుమారు 160, 170 గ్రాములు, అంటే క్రికెట్ బంతికి అటూ ఇటూ. కానీ అది గడ్డకట్టిన బిళ్ల, దానికి అంచులున్నాయి. గంటకు నూట యాభై కిలోమీటర్లు దాటిన వేగంతో ఆ అంచు ముఖానికి తగిలితే ఏమవుతుందో ఊహించుకుంటేనే భయమేసింది. ఇంతకూ గోల్స్ చేయనివాణ్ణి అన్నేళ్లు ఎందుకు ఉంచుకున్నారో సర్రే తమ్ముడు చెప్పాలి.

చంద్రగిరి నుంచి సర్రే

అన్నా, ఆ ప్రశ్నకు జవాబు ఒకే మాటలో ఉంది: ఫేసాఫ్. ఆట ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టడానికి రెండు జట్ల నుంచి ఒక్కొక్కరు ఎదురెదురుగా వంగి నిలబడతారు. లైన్స్‌మన్ అనే సహాయ రిఫరీ వాళ్ల మధ్య చుక్క మీద పక్‌ను జారవిడుస్తాడు. ఎవరు కర్రతో దానిని తమవైపు లాగగలిగితే వారి జట్టుకు పక్ దక్కుతుంది. ఇటువంటి చుక్కలు రింక్ మీద, అంటే ఆడే మంచు నేల మీద, తొమ్మిది ఉంటాయి. ఒక్కో ఆటలో ఈ ఘట్టం యాభై, అరవై సార్లు వస్తుంది. ఫేసాఫ్‌కు నిలబడే ఆటగాణ్ణి సెంటర్ అంటారు; మంచి సెంటర్ కూడా వందకు యాభై రెండో, యాభై మూడో గెలిస్తే గొప్ప.

మల్హోత్రా తన మంచి సీజన్లలో వందకు అరవై పైన గెలిచాడు. కొలంబస్‌లో ఉన్న ఐదారేళ్లలో అతడు తన ఆటను పూర్తిగా మార్చుకున్నాడు. గోల్ చేయవలసినవాడు గోల్ పడనివ్వనివాడయ్యాడు. నేను అరేనాలో కూర్చుని చూసినంతవరకు ఫేసాఫ్‌లో నిపుణులు ఎదుటివాడి ముఖం చూడరు. లైన్స్‌మన్ వేళ్లనే చూస్తారు. కింది చేతిని కర్ర మీద బాగా దిగువకు జార్చి, నడుము వంచి, పక్ ఇంకా గాలిలో ఉండగానే కదులుతారు. తొందరపడి ముందే కదిలితే లైన్స్‌మన్ తప్పుకోమంటాడు, అప్పుడు ఆ పనిలో అంత అలవాటు లేని పక్కవాడు వచ్చి నిలబడాలి. అందుచేత ఒక్కో లైన్స్‌మన్ పక్‌ను ఎంత ఎత్తు నుంచి, ఎంత తాత్సారం చేసి వదులుతాడో వాళ్లు మనసులో గుర్తుపెట్టుకుంటారు.

2010లో వ్యాంకూవర్ కనక్స్ మూడేళ్లకు 75 లక్షల డాలర్లు ఇచ్చి అతణ్ణి తీసుకుంది ఈ పని కోసమే. ఆ జట్టులో గోల్స్ చేయించడంలో పేరుపడ్డ సెడీన్ కవలలు ఉండేవారు. సొంత గోల్ దగ్గర ఫేసాఫ్ పడితే శిక్షకుడు మల్హోత్రాను పంపేవాడు. అతడు పక్ గెలిచి, ఆటను అవతలి వైపుకు నెట్టి వచ్చేస్తే, అప్పుడు సెడీన్‌లు దిగేవారు. 2010–11లో ఆ జట్టు లీగ్ దశలో అందరికంటే ముందు నిలిచింది. డానియెల్ సెడీన్ పాయింట్లలో మొదటివాడయ్యాడు. ఆ పాయింట్లలో మల్హోత్రా పేరు చాలా చోట్ల కనిపించదు, కానీ వాటి వెనక అతడి వీపు నొప్పి ఉంది.

కట్టమంచి డ్రిల్లు మాస్టారు (చిత్తూరు)

ఈ వర్ణన చదువుతుంటే నాకు మా కాలపు బుల్లీ గుర్తుకొచ్చింది. మైదానపు హాకీని ఒకప్పుడు బుల్లీతో మొదలుపెట్టేవాళ్లం. బంతి మధ్యలో ఉంటుంది. ఇద్దరూ నేలను తట్టి, కర్రకు కర్ర తగిలించి, ఆ తరవాత బంతి కోసం పోటీపడాలి. ఆట మొదలుపెట్టే పద్ధతిగా దానిని తీసేసి చాలా ఏళ్లయింది. మధ్యలో ఆట ఆగినప్పుడు మాత్రం ఇంకా వాడుతున్నారు. నా దగ్గర చదివిన ఒక సన్నపాటి పిల్లవాడు పరుగులో అందరికంటే వెనకబడేవాడు గాని, బుల్లీలో వాణ్ణి ఓడించినవాళ్లు లేరు. కర్రల చప్పుడును బట్టి వాడు బంతి కోసం కదిలేవాడు. ఆ పిల్లవాణ్ణి నేను జిల్లా జట్టుకు ఎంపిక చేయలేదు. పరుగు లేదని రాసి పంపాను. ఇన్నేళ్ల తరవాత ఆ కాగితం మీది నా అక్షరాలు నా కళ్ల ముందు కనపడుతున్నాయి.

కనుక నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. కబడ్డీలో రైడర్ పేరు అందరికీ తెలుస్తుంది, చీలమండ పట్టుకున్న కార్నర్ ఆటగాడి పేరు శిక్షకుడికి తెలుస్తుంది. ఇతడు కార్నర్ ఆటగాడు. అయినా డ్రాఫ్ట్ నాటి ఆశ తీరలేదన్న మాటను మాత్రం నేను వెనక్కి తీసుకోను.

అలిపిరి మెట్లు (తిరుపతి)

ఇప్పుడు ఆ తొమ్మిది ఆటల సంగతి చెబుతాను. 2011 మార్చి 16న వ్యాంకూవర్‌లో కొలరాడోతో ఆట జరుగుతుండగా, దిశ మారిన పక్ మల్హోత్రా ఎడమ కంటికి తగిలింది. ముఖాన్ని చేతులతో కప్పుకుని అతడు నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. ఒకటి కంటే ఎక్కువ శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ సీజన్‌కు ఇక ఆడడని జట్టు ప్రకటించింది. ఆ కంటి చూపులో చాలా భాగం తిరిగి రాలేదు.

ఆ ఏడాది వ్యాంకూవర్ ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్‌కు చేరింది. జూన్ 4న, ఫైనల్ రెండో ఆటలో, దెబ్బ తగిలి మూడు నెలలైనా నిండకుండానే, ముఖమంతా కప్పే కవచంతో మల్హోత్రా మంచు మీదికి వచ్చాడు. మొదటి ఫేసాఫ్ కోసం వంగినప్పుడు అరేనా అంతా లేచి నిలబడి అతడి పేరు పలికింది. ఆ దృశ్యం నేను మా ఇంట్లో ఫోనులో చూశాను; పక్కనున్న మా ఆవిడ ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను. ఆ ఆట వ్యాంకూవర్ గెలిచింది గాని, కప్పు మాత్రం ఏడో ఆటలో బోస్టన్‌కు పోయింది.

ఆ తరవాతి సీజన్ కూడా ఆడాడు. 2013లో, కుదించిన 48 ఆటల సీజన్‌లో తొమ్మిది ఆటలు ఆడాక, జట్టు యాజమాన్యం అతణ్ణి గాయపడ్డవారి జాబితాలో చేర్చి, మిగిలిన సీజన్ అంతా పక్కన పెట్టింది. ఆడతానన్నవాణ్ణి, అతడి క్షేమం కోసమే ఆపుతున్నామని చెప్పి ఆపారు. అప్పుడు పోయిన ముప్పై తొమ్మిదింటిలో తొమ్మిది ఆడనిచ్చినా వెండి కర్ర అందేది.

వెలుగు చూపు (తిరుపతి)

నేను కంటి వైద్యురాలిని. ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లోనే ప్రాక్టీసు చేస్తున్నాను. గాయం వివరాలు నా చేతిలో లేవు కనుక మల్హోత్రా కంటి లోపల ఏ పొర దెబ్బతిన్నదో నేను ఊహించి చెప్పను. మొద్దు దెబ్బ తగిలినప్పుడు సాధారణంగా ఏం జరుగుతుందో చెబుతాను. కనుగుడ్డు ఒక క్షణం చదునుగా నొక్కుకుని మళ్లీ ఉబ్బుతుంది. ఆ కుదుపుకు ముందు గదిలో రక్తం చేరవచ్చు, కటకం స్థానం తప్పవచ్చు, వెనక ఉన్న రెటీనా చిరగవచ్చు లేదా ఊడవచ్చు. రక్తం కొన్నాళ్లకు కరుగుతుంది. రెటీనా మధ్యభాగం పాడైతే మాత్రం శస్త్రచికిత్సతో కంటిని నిలబెట్టగలంగాని, పాత చూపును తేలేం.

రెండు కళ్లతో చూసినప్పుడే దగ్గరి వస్తువుల లోతు మనకు కచ్చితంగా తెలుస్తుంది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఒక ఆవిడ నా దగ్గరికి వచ్చేది. టపాకాయ తగిలి ఆమెకు కుడి కన్ను పోయింది. మొదటి నెలలో మల్లెమొగ్గను దారం మీద పెట్టబోతే అది వేలి పక్కన పడిపోయేదని ఏడ్చింది. ఆరు నెలల తరవాత ఒక మూర కట్టి నాకు తెచ్చి ఇచ్చింది. ఎలా నేర్చుకున్నావమ్మా అని అడిగితే, ఇప్పుడు మొగ్గను చూడడం లేదు, దారం బిగువును వేలితో చూస్తున్నానని చెప్పింది. ఆమె ఎడమ చేతి చూపుడువేలి కొన మీద దారం కోసిన గీత గట్టిపడి ఉండేది.

మల్హోత్రా గాయం తరవాత కూడా ఫేసాఫ్‌లు గెలిచాడా లేదా అన్నది నాకు చాలా ముఖ్యమైన ప్రశ్న. దయచేసి ఎవరైనా చెప్పండి.

చంద్రగిరి నుంచి సర్రే

గెలిచాడు, మేడమ్. వ్యాంకూవర్ వదిలేశాక 2013 శరదృతువులో ఏ పెద్ద జట్టూ పిలవలేదు. షార్లెట్ అనే ఏహెచ్‌ఎల్ జట్టులో పరీక్షార్థిగా చేరాడు. ముప్పై మూడేళ్ల వయసులో, ఎన్‌హెచ్‌ఎల్‌లో తొమ్మిది వందల ఆటలకు దగ్గరగా ఆడినవాడు, ఇరవై ఏళ్ల పిల్లల పక్కన నిలబడి తనను తాను నిరూపించుకున్నాడు. కొద్ది వారాలలోనే కెరొలైనా పిలిచింది. అక్కడా, మరుసటి ఏడాది మాంట్రియల్‌లోనూ అతడు గెలిచిన ఫేసాఫ్‌లు నూటికి అరవైకి కాస్త మాత్రమే తక్కువ. రెండు కళ్లున్న చాలామంది కంటే అది ఎక్కువ.

వెలుగు చూపు (తిరుపతి)

ఈ సమాధానం కోసమే అడిగాను. పూలావిడ దారం బిగువు వంటిదే అతడికి లైన్స్‌మన్ చేతి కదలిక అయి ఉంటుందని నా నమ్మకం. చేతులకు పట్టుబడిన పని కంటి లోపాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది.

కానీ ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఫేసాఫ్ ఎదురుగా, స్థిరంగా, తెలిసిన చోట జరుగుతుంది. మిగతా ఆట అలా జరగదు. ఎడమ వైపు చూపు తగ్గినవాడికి ఆ వైపు నుంచి పూర్తి వేగంతో వచ్చి ఢీకొట్టే మనిషి కనపడడు. దెబ్బ వస్తోందని తెలిసిన శరీరం మెడ బిగిస్తుంది. తెలియని శరీరానికి ఆ అవకాశం ఉండదు. పైగా మిగిలిన మంచి కంటికి ఏమైనా జరిగితే ఆ మనిషి ప్రపంచమే చీకటవుతుంది. ఒక కన్ను మాత్రమే సరిగా ఉన్న నా రోగులందరికీ కవచం లేకుండా ఏ బంతి ఆటా ఆడవద్దనే చెబుతాను. 2013లో ఆ జట్టు చేసింది సరైన పనేనని నా అభిప్రాయం.

కట్టమంచి డ్రిల్లు మాస్టారు (చిత్తూరు)

డాక్టరమ్మగారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ప్రమాదమని జట్టుకు తెలిస్తే 2011 ఫైనల్‌లో ఎందుకు ఆడించింది? అప్పుడూ అదే కన్ను, గాయం ఇంకా పచ్చిగా ఉంది. కప్పు కోసం అవసరమైనప్పుడు ధైర్యశాలి అని లేచి నిలబడి చప్పట్లు కొట్టి, రెండేళ్ల తరవాత అతడి వేగం తగ్గినప్పుడు క్షేమం గుర్తుకురావడం నాకు మింగుడుపడడం లేదు. వాళ్ల మనసులో ఏముందో నాకు తెలియదు, వాళ్లు నిజాయితీగానే ఆలోచించి ఉండవచ్చు. అయినా ముప్పై రెండేళ్ల మనిషి, ప్రమాదం తెలిసినవాడు, ముఖానికి కవచం పెట్టుకుని ఆడతానంటే ఆ నిర్ణయం అతడిది. తరవాత రెండు జట్లు అతణ్ణి ఆడించాయి, అతడు క్షేమంగానే ఆడాడు కదా.

వెలుగు చూపు (తిరుపతి)

మాస్టారుగారూ, క్షేమంగా ఆడాడు కనుక ప్రమాదం లేదని అనలేం. హెల్మెట్ లేకుండా ఘాట్ రోడ్డు దిగివచ్చిన ప్రతివాడూ ఆ మాటే చెబుతాడు. కానీ 2011 గురించి మీరు అడిగిన దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ రోజు ఆ అనుమతి నేను ఇచ్చి ఉండేదాన్ని కాదు. ఆ చప్పట్ల వీడియో నేనూ చూశాను, నా కళ్లూ చెమర్చాయి. రెండూ నిజమే.

చక్రాల బూట్లు (తిరుపతి)

మా అమ్మాయికి పదమూడేళ్లు. చక్రాల బూట్లతో స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఎండ ముదరకముందే, తెల్లవారుజామున ఐదింటికల్లా సాధనకు తీసుకెళ్తాను. ఈ మధ్య రోలర్ హాకీ కూడా మొదలుపెట్టింది. ఈ చర్చ మొత్తం తనకు చదివి వినిపించాను. పోయిన నెల ఒక పోటీలో కర్ర కొన తగిలి తన కనుబొమ పగిలింది, మూడు కుట్లు పడ్డాయి. ముఖానికి రక్షణ పెట్టుకుంటానంటే నిర్వాహకులు అదేమీ అక్కరలేదన్నారు. ఇక నేను ఎవరినీ అడగను. పెద్ద లీగ్‌లో ఈ విషయంలో నిబంధన ఏమైనా ఉందా? అలాగే, మన దేశంలో ఆడపిల్లలకు మంచు మీద ఆడే దారి ఏదైనా ఉందా?

చంద్రగిరి నుంచి సర్రే

ఉందక్కా. 2013–14 నుంచి కొత్తగా వచ్చే ఆటగాళ్లందరికీ, అంటే అప్పటికి ఇరవై ఐదు ఆటలు నిండనివాళ్లందరికీ, కళ్లను కప్పే పారదర్శక ముఖకవచం తప్పనిసరి చేశారు. హెల్మెట్ విషయంలోనూ 1979లో ఇలాగే పాతవాళ్లను వదిలి కొత్తవాళ్లతో మొదలుపెట్టారు. హెల్మెట్ లేకుండా ఆడిన చివరి మనిషి 1997లో విరమించాడు. అంతకంటే ముందు గోల్‌కీపర్లు కూడా ముఖం చూపించుకునే నిలబడేవారు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో పక్ తగిలి ముఖం చీలిన జాక్ ప్లాంట్, కుట్లు వేయించుకుని, ముసుగు లేకుండా మళ్లీ దిగనని తేల్చి చెప్పాడు. మీ అమ్మాయి కూడా అదే మాట చెప్పవచ్చు.

రెండో ప్రశ్నకు జవాబు లడఖ్. అక్కడి అమ్మాయిలు గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకుని దేశం తరఫున ఆడుతున్నారు. 2025లో యుఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో భారత జట్టు కాంస్యం గెలిచింది. వాళ్లలో చాలామందికి ఏడాదిలో మంచు దొరికేది రెండు, మూడు నెలలే.

అలిపిరి మెట్లు (తిరుపతి)

మల్హోత్రా తరవాత ఏం చేశాడో చెప్పి నా వంతు ముగిస్తాను. ఆట మానాక 2017లో వ్యాంకూవర్‌లోనే సహాయ శిక్షకుడయ్యాడు. తనను పక్కన పెట్టిన ఊరికే తిరిగి వెళ్లాడన్నది గమనించండి. అక్కడి నుంచి టొరంటోలో నాలుగేళ్లు పనిచేసి, 2024లో వ్యాంకూవర్‌కు అనుబంధమైన ఏహెచ్‌ఎల్ జట్టు అబ్బట్స్‌ఫర్డ్‌కు ప్రధాన శిక్షకుడిగా వచ్చాడు. అప్పుడు ఆ జట్టులో అర్ష్‌దీప్ బైన్స్ అనే సర్రే కుర్రాడుండేవాడు. అతణ్ణి ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోలేదు. అయినా పశ్చిమ కెనడా జూనియర్ లీగ్‌లో ఒక ఏడాది అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించి ఒప్పందం తెచ్చుకున్నాడు. ఏడో వాడిగా ఎంపికైన మనిషి, ఎవరూ ఎంచుకోని మనిషికి నేర్పాడు. 1989లో రాబిన్ బావా పంజాబీ మూలాలతో ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఇటువంటి శిక్షకుడు ఎవరూ లేరు.

2025 జూన్‌లో అబ్బట్స్‌ఫర్డ్ కాల్డర్ కప్ గెలిచింది. 2000లో ఆటగాడిగా ఎత్తిన కప్పునే ఇరవై ఐదేళ్ల తరవాత శిక్షకుడిగా గెలిపించాడు. ఓడించింది ఎవరినంటే షార్లెట్‌ను. ముప్పై మూడేళ్ల వయసులో పరీక్షార్థిగా చేర్చుకున్న ఆ ఊరి జట్టునే.

జనవరిలో నేను చూసిన ఆటలో ఒక సంగతి అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతోంది. చివరి నిమిషంలో సొంత గోల్ దగ్గర ఫేసాఫ్ పడింది. మల్హోత్రా బల్ల మీదుగా వంగి ఒక కుర్రాడి భుజం పట్టుకుని, ఆట వైపు కాకుండా లైన్స్‌మన్ వైపు వేలు చూపించి ఏదో చెప్పాడు. కుర్రాడు తల ఊపి వెళ్లాడు. పక్ గెలిచాడు.

కట్టమంచి డ్రిల్లు మాస్టారు (చిత్తూరు)

ఆ కుర్రాడు గెలిచిన పక్‌ను ఎవరి లెక్కలో వేస్తారో నాకు తెలియదు. నా లెక్కలోనైతే 991 పక్కన అది కూడా రాసుకుంటాను. డ్రాఫ్ట్ గురించి నేను అన్న మాట ఇక్కడితో వదిలేస్తున్నాను.

చక్రాల బూట్లు (తిరుపతి)

ముఖకవచం తెప్పించాను. తెల్లవారుజామున ఊపిరి తగిలి లోపల ఆవిరి పడుతోంది, రెండు నిమిషాలకే ఎదురుగా ఏమీ కనిపించడం లేదని మా అమ్మాయి తీసేస్తోంది. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

తోతాపురి (చిత్తూరు)

ఉందమ్మా. శీతల గదిలోంచి ఎండలోకి వచ్చిన ప్రతిసారీ మా కళ్లద్దాలకు ఇదే బాధ ఉండేది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఒక్క చుక్క తీసుకుని, లోపలి వైపు వేలితో పలుచగా రాయండి. కడగవద్దు. ఆరనిచ్చి, మెత్తని నూలు గుడ్డతో మరక కనపడనంత వరకు తుడవండి. నీళ్లు చుక్కలుగా నిలవకుండా పలుచని పొరగా పరుచుకుంటాయి. ఒకసారి రాస్తే ఒక పూట సాధనకు సరిపోతుంది.